ఆ ఒక్క టెస్టు తప్ప

రోగిని చూడ్డానికి బత్తాయిలు పట్టుకెళ్లే అలవాటు ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, వాళ్లు జన్మలో ఒక్క బత్తాయి కూడా ఒలిచి ఉండరని మాత్రం చెప్పగలను. మా వైపు తోటలకు కొదవ లేదు కాబట్టి ఎవరింట్లో ఎవరు తుమ్మినా ఒక సంచి దిగుతుంది. ఒలిస్తే గోళ్ల సందులు మండుతాయి. రసం తీస్తే గ్లాసు రోగి చేతికి అందేలోపు చేదెక్కుతుంది. గింజలు ఉమ్మేసరికి ఉన్న కాస్త ఓపికా అయిపోతుంది. ఆపిల్ పండైతే కడిగి కొరుక్కోవచ్చు కదా అని మా అక్కతో అంటే, "తెచ్చేటోళ్లు మనం తినాలని తెస్తార్రా? ఉత్త చేతులతోని రాలేక తెస్తరు" అంది.

ఉత్త చేతులతో రాలేనివాళ్ల దయవల్ల సూర్యాపేటలో మా అక్క ఇంటి ఫ్రిజ్‌లో పాలప్యాకెట్‌కు చోటు లేకుండా పోయిన రోజులవి. పడుకున్నది మా బావ. గరిడేపల్లి మండలంలో సర్కారు బడి పంతులు. చెప్పేది బయాలజీ. జిల్లాలో ఏ సందులోకి వెళ్లినా ఆయన దగ్గర చదువుకున్నవాడు ఒకడు కనిపించి "నమస్తే సార్" అంటాడు. అది ఆయన జీవితంలో సంపాదించుకున్న గౌరవం. ఆ గౌరవమే ఆయన కొంప ముంచుతుందని అప్పటికి ఎవరికీ తెలియదు.

మొదట జ్వరం. వీధి చివర ఆర్‌ఎంపీ డాక్టరు టైఫాయిడ్ అన్నాడు. ఆయన దగ్గరికి కాలు బెణికి వెళ్లినా టైఫాయిడే అంటాడు కాబట్టి మేమేమీ కంగారుపడలేదు. సెలైన్లు ఎక్కాయి. జ్వరం దిగింది, మళ్లీ వచ్చింది. తర్వాత నడుము చుట్టూ మంటపుట్టించే పొక్కులతో సర్పి లేచింది. ఎవరో చెప్తే ఎర్రమట్టి పూయించుకొచ్చాడు. బయాలజీ సార్ కదా, మట్టి ఏం చేస్తుంది బావా అని అడిగితే, "సల్లగుంటది" అన్నాడు. అంతకంటే శాస్త్రీయమైన కారణం నాకూ తోచలేదు. ఆ తర్వాత మనిషి తగ్గడం మొదలుపెట్టాడు. ప్యాంటుకు కొత్త బెల్టు, బెల్టుకు కొత్త చిల్లులు.

షుగరేమో అనుకున్నాం. షుగర్ మర్యాదగల జబ్బు. పెళ్లి భోజనాల దగ్గర గట్టిగా చెప్పుకోవచ్చు, నాకెంత, నీకెంత అని పోల్చుకోవచ్చు. పరీక్ష చేయిస్తే షుగర్ లేదని వచ్చింది. ఇంటిల్లిపాదీ కొంచెం నిరుత్సాహపడ్డాం.

చివరికి సూర్యాపేటలోనే ఒక ప్రైవేటు డాక్టరు, పెద్దాయన, రిపోర్టులన్నీ ముందేసుకుని చూశాడు. మా అక్కను మందుల షాపుకు పంపించాడు. ఆమె గడప దాటాక కళ్లద్దాలు తీసి, "సారూ, అన్నీ చేయించిండ్రు. ఆ ఒక్క టెస్టు గూడ చేయించుకోండి. సర్కారు దవాఖానల చేస్తరు, ఎవరికీ చెప్పరు. ఉన్నదనే తేలినా పరేషాన్ లేదు, గోళీలున్నయి, అందరి లెక్కనే బతుకుతరు. తేలితే మాత్రం అమ్మకు గూడ చేయించాలె. ఆలస్యం చేయొద్దు" అన్నాడు. ఏ టెస్టో ఆయన పేరు పెట్టి చెప్పలేదు. మేమూ అడగలేదు. హెచ్ఐవీ అనే మూడక్షరాలు పలకడానికి ముగ్గురు చదువుకున్న మగవాళ్లకు నోరు రాలేదు. అక్క మందుల సంచితో తిరిగొచ్చి "ఏమన్నడు?" అని అడిగింది. "రెస్టు తీసుకోమన్నడు" అన్నాడు బావ.

అంటే అప్పటికే సంగతి ఇది: ఆ గదిలోంచి బయటికొచ్చిన ముగ్గురిలో ఇద్దరికి తెలుసు. తెలియాల్సిన మూడో మనిషికి తెలియదు.

ఎట్లా వచ్చి ఉంటుందని మీరు అడగబోతున్నారు. అందరూ మొదట అడిగేది అదే. జ్వరం వస్తే ఎన్ని రోజులైందని అడుగుతారు, దీనికి మాత్రం ఎక్కడ తిరిగాడని అడుగుతారు. నాకు తెలియదు, నేను అడగలేదు. ఆ ప్రశ్న ఒకటి లోకంలో లేకపోతే మా బావ ఆ రోజు సాయంత్రమే వెళ్లి సూదికి చేయి చాపేవాడని నా అనుమానం.

ఇక్కడ మా ఇద్దరి గురించి ఒక మాట చెప్పాలి. మా దగ్గర బావా బామ్మర్దులు సీదాగా మాట్లాడుకోరు. అది నేరం కాదు, అలవాటు లేదంతే. పెళ్లినాడు ఆయన చెప్పులు దాచిపెట్టినప్పటి నుంచి మా మధ్య నడిచింది ఎకసెక్కమే. ఆయన నన్ను పనికిరాని డిగ్రీ అనేవాడు, నేనాయన్ను కప్పలు కోసే పంతులు అనేవాడిని. చావు కబురు చెప్పాల్సి వచ్చినా ముందొక జోకు వేసి గొంతు సవరించుకునేవాళ్లం. ఇట్లాంటి ఇద్దరి చేతిలో పెట్టాడు ఆ పెద్ద డాక్టరు ఆ సంగతిని.

"బావా, ఆ టెస్టు సంగతేంది?" అని ఒక వారం ఆగి అడిగాను.

"ఏ టెస్టురా?"

"నువ్వు పిల్లలకు చెప్పే పాఠమే."

"నేనేడ చెప్పిన ఆ పాఠం? ఇంటికాడ సదువుకొమ్మన్న."

అది నిజమే. ప్రత్యుత్పత్తి పాఠం వచ్చినప్పుడల్లా ఆయన చాక్‌పీసు కింద పెట్టి, ఇది సులువు, మీరే చదువుకోండి అని తర్వాతి పాఠానికి దాటేవాడట. మా కాలంలో మా సారూ అంతే. దేశంలో అందరూ సొంతంగా చదువుకున్న పాఠం అదొక్కటే. కానీ డిసెంబరు ఒకటిన ఎయిడ్స్ దినమని బడిపిల్లల ర్యాలీ తీస్తే మాత్రం ముందు నడిచేది ఆయనే. నినాదం అందుకున్నాడంటే కోళ్లు చెదిరేవి. "భయం వద్దు, పరీక్ష ముద్దు" అని పిల్లలతో అనిపించేవాడు.

కారణాలకు లోటు లేదు. ఎప్పుడో ఎవరో నాయకుడి పుట్టినరోజున రక్తదానం చేసి తెచ్చుకున్న సర్టిఫికెట్ హాల్లో గోడకు ఉంది. "ఏమన్న ఉంటే ఆనాడే చెప్పరా వాళ్లు?" అనేవాడు. ఆనాడంటే మా మేనకోడలు బడికి వెళ్లే రోజులు, ఇప్పుడా పిల్లకో పిల్ల. పోనీ అక్క సంగతి? "మీ అక్కకు గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు అన్ని టెస్టులు చేసిండ్రు గదరా. మంచిగున్నదంటేనే గద కోసిండ్రు." ఒకసారి పాసైతే జన్మంతా పాసే అన్నట్టు. తర్వాత పదో తరగతి పరీక్షలొచ్చాయి. పరీక్షలయ్యాక పేపర్లు దిద్దడం వచ్చింది. అదయ్యాక బదిలీలు. తర్వాత ఎండలు. పంతులు సెలవు పెట్టాలంటే కారణం చెప్పాలి, ఈ కారణం చెప్పేది కాదు, ఇంకో కారణం అల్లుదామంటే అబద్ధమాడడం ఆయనకు ఇష్టముండదు. చాలా నిజాయితీ గల మనిషి.

సూర్యాపేట దవాఖానలో చేయించుకోవచ్చు. ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరం. "గాడ సగం మంది నా బడిపిల్లల తల్లిదండ్రులేరా. సార్ గా రూముకాడ నిలబడ్డడని పొద్దుమూకేసరికి ఊరంత తెలుస్తది." కాబట్టి కోదాడ అనుకున్నాం. మా మూడు ఊళ్లలో ఇదొక పద్ధతి. సూర్యాపేటవాళ్లు గుట్టు పనులకు కోదాడ వెళ్తారు, కోదాడవాళ్లు మిర్యాలగూడ వెళ్తారు, మిర్యాలగూడవాళ్లు సూర్యాపేట వస్తారు. బస్సుల్లో ఒకరికొకరు ఎదురవుతూ, ఒకరినొకరు చూడనట్టు కిటికీలోంచి వరి పొలాలు చూస్తారు.

కోదాడ బస్టాండులో దిగి కిలో బత్తాయిలు కొన్నాను. ఆలోచన నాదే. ఖాళీ చేతులతో దవాఖానకు వెళ్తే రోగం, బత్తాయిలతో వెళ్తే పరామర్శ. బావ సంచి పట్టుకుని మెచ్చుకోలుగా చూశాడు. "నీ డిగ్రీ గిట్ల అక్కరకొచ్చింది" అన్నాడు.

ఆ గది ఎక్కడుందో ఎవరినీ అడక్కుండా కనుక్కుని, వరండాలో బల్ల మీద ఇంకా కూర్చోలేదు, తెల్లకోటు వేసుకున్న కుర్రాడు ఒకడు పరుగున వచ్చి వంగి బావ కాళ్లకు దండం పెట్టాడు.

"నమస్తే సార్! గుర్తుపట్టారా? మీ దగ్గర టెన్త్ చదివాను సార్. ఇక్కడే ల్యాబులో చేస్తున్నా. ఎవరి కోసం వచ్చారు సార్?"

బావ సంచి వైపు చూశాడు. "తెలిసినాయన ఒకాయన అడ్మిట్ అయిండంటే..."

"పేరు చెప్పండి సార్, ఏ వార్డో రెండు నిమిషాల్లో కనుక్కుంటాను."

"డిశ్చార్జ్ అయిపోయిండంట" అన్నాను నేను.

"అయ్యో. మరి వచ్చింది వచ్చారు, మీకే చూస్తాను రండి సార్. బాగా తగ్గారు మీరు. షుగరూ అవీ చూపించుకున్నారా?"

వద్దన్నా వినలేదు. క్యూలో ఉన్నవాళ్లను "మా సారండీ, కొంచెం జరగండి" అని పక్కకు జరిపి లోపలికి తీసుకెళ్లాడు. అక్కడున్న నర్సుకు పరిచయం చేశాడు. "ఈ సారు పాఠం చెప్తే బొమ్మ కళ్లముందు కనపడేదండీ. ఒక్క పాఠం మాత్రం ఇంటి దగ్గర చదువుకోమన్నారు, అది చదివే ఇదిగో ఇక్కడ కూర్చున్నా" అని నవ్వాడు. బావ కూడా నవ్వాడు. ఆ కుర్రాడు ఎంతో ప్రేమగా, నొప్పి తెలియకుండా నెత్తురు తీశాడు. ఆ దవాఖానలో ఎన్ని పరీక్షలు చేయగలరో అన్నీ చేశాడు. ఆ ఒక్క టెస్టు తప్ప. దాని సంగతి సారుతో ఎత్తడం వాడికి మర్యాద అనిపించి ఉండదు. ఒకప్పుడు సారుకు అనిపించనట్టే.

నెత్తురు కాస్త తక్కువుంది, ఖర్జూరం తినండి అని చెప్పి పంపించాడు. బత్తాయిలు వాడికే ఇచ్చేశాం.

తిరుగు బస్సులో బావ హుషారుగా ఉన్నాడు. "సూసినవా? అన్నీ నార్మల్."

"అన్నీ కాదు బావా."

"నువ్వు నోరు మూస్కుంటే అది గూడ నార్మలే."

ఇక మిగిలింది మిర్యాలగూడ. వానలు మొదలయ్యేలోపు వెళ్లాం. అక్కడ అడుగుకొకటి ఉన్న రైస్ మిల్లుల నుంచి వచ్చే ఊక బూడిద కళ్లల్లో పడుతుందని బావ మాస్కు, నల్లద్దాలు పెట్టుకున్నాడు. నిజానికి ఊక కంటే నమస్తేలకే భయపడ్డాడు. ఈసారి ఎవరూ లేచి దండం పెట్టలేదు. పేరు పిలిచారు, ఆ పేరు ఆయనది కాదు కాబట్టి లేవడానికి కొంచెం టైము పట్టింది. లోపలికి వెళ్లి, మోచేతి దగ్గర దూది నొక్కుకుంటూ బయటికొచ్చాడు. కొంచెంసేపు ఆగితే రిజల్టు ఇస్తామన్నారట.

ఎదురుగా హోటల్లో ఛాయ్ చెప్పాం. లోపల ఏం జరిగిందో చెప్తుంటే ఇద్దరం పడి పడి నవ్వాం. ఏం పని చేస్తారని ఆ మేడం అడిగితే బావ రైస్ మిల్లులో గుమాస్తానన్నాడట. మిర్యాలగూడకు వచ్చి ఆ అబద్ధం ఆడేవాణ్ని ఈయన్నే చూశాను. "ఏ మిల్లండీ, మా ఆయనది గూడ మిల్లుల్నే పని" అందట ఆమె. "మిల్లు బంద్ చేసిన మేడం, ఇప్పుడు వాడపల్లి సిమెంటు కంపెనీల" అన్నాడట. కుర్చీ కదలకుండా ఉద్యోగం మారిన మనిషిని చూసి ఆమె ఇంకేమీ అడగలేదట.

నవ్వడం అయ్యాక బావ లేచాడు. "నువ్వింకో ఛాయ్ చెప్పు, నేను జర ఒంటికి పోయొస్త."

ఛాయ్ వచ్చింది, చల్లారింది. ఫోన్ చేస్తే బస్సు చప్పుడు వినిపించింది. "బడిల అర్జెంట్ పనివడ్డది రా. ఎక్కేసిన" అన్నాడు. ఆ రోజు ఆదివారం కాదు గానీ బడికి ఎండాకాలం సెలవులు.

నేనే ఆ గదికి వెళ్లాను. ఆ మేడం నడివయసు మనిషి, మొహం మీద విసుగు లేదు.

"మీరు ఆయనకేమయితరు?"

"బామ్మర్దిని."

నా వైపు జాలిగా చూసింది. "మీకు చెప్పొద్దు సార్. ఎవరి రిజల్టు వాళ్లకే. ఆయననే రమ్మనండి. రేపన్న, ఎల్లుండన్న, తప్పకుండ రమ్మనండి. వచ్చేటప్పుడు మేడంను గూడ తీస్కరమ్మనండి."

ఏమీ లేకపోతే భార్యను తీసుకురమ్మని ఎందుకంటారు? ఏమో, అందరికీ అట్లాగే చెప్తారేమో. ఈ రెండింటి మధ్య ఉన్న ఇరుకు సందులో మా బావ ఆ తర్వాత చాలాకాలం హాయిగా కాపురం చేశాడు. ఆమె మాటలు ఉన్నదున్నట్టు చెప్పాను. "అందరికీ గట్లనే చెప్తరు రా, వాళ్ల డ్యూటీ అది" అన్నాడు. ఇచ్చిన పేరు తనది కాదు, ఫోన్ నంబరు తనది కాదు, కాబట్టి ఆ నెత్తురు కూడా తనది కాదన్నట్టే తిరిగాడు. డిసెంబరులో మళ్లీ ర్యాలీ తీశాడు. గొంతు కొంచెం తగ్గింది గానీ నినాదం మారలేదు.

ఈ మధ్యలో మా అక్క చిక్కిపోవడం మొదలుపెట్టింది. దాన్ని మేమెవ్వరం జబ్బు అనుకోలేదు. రోగికి సేవ చేసే ఆడమనిషి చిక్కడం మా ఇళ్లల్లో లక్షణం కాదు, సుగుణం. అప్పుడప్పుడు ఒళ్లు కాలుతుంటే వేడి చేసిందనుకుని సోంపు నమిలేది. బావకు రసం పిండి, పిప్పి తను నోట్లో వేసుకునేది. ఆమెకు బత్తాయిలు ఎవరూ తేలేదు.

ఒకరోజు ఆమె అన్నం గిన్నె దించుతూ గోడ పట్టుకుని నిలబడటం చూశాను. బావను డాబా మీదికి తీసుకెళ్లి, "అక్కకు చెప్పు. ఆమెకు గూడ చేయించు" అన్నాను. అలవాటు ప్రకారం ఆయన ఏదో ఎకసెక్కంగా అంటాడనుకున్నాను. అనలేదు. ట్యాంకు మీద చేయి ఆనించి, "చెప్తే మల్ల నా మొఖం సూస్తదారా?" అన్నాడు. మా ఇద్దరి మధ్య అన్నేళ్లలో నడిచిన సీదా మాట అదొక్కటే. కింద నుంచి అక్క అన్నానికి పిలిచింది. దిగి తిన్నాం.

తర్వాతి వానాకాలం బావ బడిలో, పాఠం మధ్యలో, దగ్గుతూ దగ్గుతూ కుప్పకూలాడు. పిల్లలు ఆటోలో వేసుకుని తెచ్చారు. ఎక్కడికి? సూర్యాపేట దవాఖానకే, నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నదానికి. టీబీ అన్నారు. టీబీ ఉన్నవాళ్లందరికీ చేసినట్టే ఆ టెస్టు కూడా చేశారు. ఎవరి అనుమతికీ, ఎవరి బదిలీలకూ, ఎవరి ఎండలకూ ఆగలేదు. ఉందని తేలింది. చిన్న డాక్టరమ్మ అక్కను పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా చెప్పి, ఆమెకూ చేసింది. ఆమెకూ ఉంది.

ఇద్దరికీ గోళీలు మొదలుపెట్టారు. రోగంతో కొట్లాడే కణాలు అక్కకు బావ కంటే తక్కువ మిగిలాయన్నారు. అప్పటికే ఆమె ఎడమ కంట్లో నల్లమబ్బులా ఏదో కదులుతోంది. ఆమె దాన్ని వయసు అనుకుంది, మేము పొయ్యి పొగ అనుకుందాం అనుకున్నా ఇంట్లో ఉన్నది గ్యాస్ పొయ్యి. కళ్ల డాక్టరుకు చూపిస్తే, రోగం అంతవరకు పాకింది, ఇంక పాకకుండా ఆపగలం గానీ పోయిన చూపు తేలేం అన్నాడు. ఇంకొంచెం ముందు వస్తే వేరేగా ఉండేదని కూడా అన్నాడు. డాక్టర్లకు ఆ మాట అనకుండా ఉండటం రాదు.

చుట్టాలకు టీబీ అని చెప్పాం. టీబీకి ఈమధ్య కాస్త మర్యాద పెరిగింది. బత్తాయిలు మళ్లీ వచ్చాయి.

ఆరేడు నెలల్లో బావ తేరుకున్నాడు. చెంపలు నిండాయి, బెల్టు పాత చిల్లుకు వచ్చింది, నోరు కూడా పాత దారికి వచ్చింది. అక్క ఆయన మొహం చూడటం మానలేదు, ఒక కంటితోనే అయినా. తిట్టలేదు, ఏడవలేదు, పొద్దున లేచి తన గోళీ తను వేసుకుని, ఆయన గోళీ ఆయన చేతిలో పెట్టేది. ఆ మౌనానికి మేమిద్దరం లోలోపల కృతజ్ఞులమై, దాన్ని క్షమ కింద జమకట్టుకున్నాం.

మొన్నీమధ్య ఒక పొద్దున నేను వెళ్లేసరికి ఇద్దరూ టిఫిన్ దగ్గర కూర్చున్నారు. అక్కను నవ్వించాలని బావకు బుద్ధి పుట్టింది. కోదాడ కథ ఎత్తుకున్నాడు. శిష్యుడు కాళ్లకు దండం పెట్టడం, మేము బత్తాయిలు పట్టుకుని లేని రోగిని వెతకడం. ఆయన మర్చిపోయినవి నేను అందించాను. డిశ్చార్జ్ అయిపోయిండన్నది నేనే అని గుర్తుచేశాను. తర్వాత మిర్యాలగూడ. మిల్లు గుమాస్తా సిమెంటు కంపెనీకి మారిన చోట ఇద్దరం గొంతులు మార్చి మరీ ఆడి చూపించాం. బావ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. నేను బల్ల చరిచాను.

అక్క చివరిదాకా విన్నది. గోళీ మింగి, నీళ్లు తాగి, గ్లాసు బల్ల మీద పెట్టబోయి అంచు అందక, చేత్తో తడిమి పెట్టింది.

"మీ ఇద్దర్ల ఒక్కడన్న నాకు చెప్తే నా కన్ను నాకుంటుండె" అంది.